నిమ్మకాయకు జానెడు దూరం

చిత్తూరు,
సెప్టెంబరు 7, ఆదివారం

చిరంజీవి లోహితకు,

అవ్వ రాసేది. ఫోను చేయకుండా ఉత్తరమెందుకని అడగొద్దు. ఫోనులో నేను నాలుగో మాట ఎత్తేసరికి నువ్వు "సరే అవ్వా, ఉంటా" అంటావు. కాగితం మీద నీకు ఆ వెసులుబాటు లేదు. పైగా నాది బటన్ల ఫోను. నువ్వు పంపానని చెప్పే ఫోటోలు దానికి ఎక్కవు.

నిన్న మీ నాయన గూడూరు నిమ్మకాయల మార్కెట్టు నుంచి తిరిగివస్తూ తిరుచానూరులో నీ గది దగ్గర ఆగాడట కదా. నువ్వు కాఫీ కలిపేలోపల నీ ఎర్ర బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వంగి టైర్లు చూశాడట. ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా మొదలుపెట్టాడు.

"అమ్మా, నీ మనవరాలి బండికి నాలుగు టైర్లూ గుండైపోయినాయి. రోజూ దాంట్లోనే పనికి పోతాది. రెండు సీట్ల బండి, నేలకి ఆనుకోని పోతాది. వానొస్తే ఏం గతి? అమ్మేయమని చెప్పు."

"తిరుపతిలో ఉండే బండి కదరా, గుండు కొట్టించుకోకుండా ఎట్లా ఉంటుంది?" అన్నాను.

వాడు నవ్వలేదు. బాలచంద్ర నా మాటకు నవ్వలేదంటే విషయం పెద్దదని అర్థం.

వాడు మొండివాడనుకో, పరవాలేదు. పిరికివాడని మాత్రం అనుకోకు. పదిహేనో ఏట నుంచి మీ తాత వెంకటముని గారి షెడ్డులో, అరిగిన టైర్లకు కొత్త రబ్బరు పొర వేసే రీట్రెడింగ్ పని చేశాడు. రోడ్డు మీద బోల్తాపడిన బండ్ల టైర్లన్నీ చివరకు ఆ షెడ్డుకే చేరేవి. చిరిగిన టైరును చూసి, ఆ బండిలో ఎవరెవరు కూర్చుని ఉంటారో ఊహించుకోవడం వాడికి అప్పుడే అలవాటైంది. తాత పోయిన ఏడాదే షెడ్డు మూసి నిమ్మకాయల్లోకి దిగాడు. నిమ్మకాయ ఎంత చెడినా దాని వెనక ఒక మనిషి ఉండడు.

ఇప్పుడు వినవే. గంటసేపు వాదించి ఒక ఒప్పందానికి తెచ్చాను. నువ్వు కొత్త టైర్లు వేయించు. ఈశాన్యపు వానలు మొదలయ్యాక, తడిసిన రోడ్డున్న మొదటి ఆదివారం, మీ ఫ్యాక్టరీ వెనక ఎవరూ తిరగని తిన్నని రోడ్డు మీద పరీక్ష. అరవై వేగంతో వచ్చి, గుర్తు దగ్గర బ్రేకు తొక్కాలి. గుర్తుకు అవతల నేను చెప్పినంత దూరంలో మీ నాయన నిమ్మకాయలు వరసగా పేరుస్తాడు. ఒక్క నిమ్మకాయ నలిగినా బండి బెంగుళూరాయనకు పోతుంది. నీ బండి కావాలని ఆయన ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడట. నలగకపోతే మీ నాయన ఈ జన్మలో ఆ బండి మాట ఎత్తడు. లోకమంతా కొత్త బండి కింద నిమ్మకాయ నలిగితే శుభమంటుంది. మీ నాయన వ్యాపారి, తన సరుకు తొక్కనివ్వడు.

తీర్పరిని నేను. నీ బండి రెండో తాళంచెవి నా పాత కళ్ళద్దాల పెట్టెలో ఉంది. నేను ఎవరి పక్షమూ కాను. కాబట్టి నా ప్రశ్నలకు తిన్నగా సమాధానాలు రాయి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావు? ఎలాంటి రోడ్డు? ఆ బండిలో నీకు ఏది ఇష్టం, వేగమా, మలుపా, చప్పుడా, జనం తలతిప్పి చూడటమా? సిగ్గుపడకు. నేను ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఎన్ని తలతిక్క సమాధానాలు దిద్దానో నాకే లెక్క లేదు.

నీ అవ్వ,
లోకేశ్వరి


తిరుచానూరు,
సెప్టెంబరు 13, శనివారం

కళ్ళద్దాలు తుడుచుకుని చదవవలసిన అవ్వకు,

నీ ఉత్తరం చదివి మంచం మీద ఎగిరి కూర్చున్నాను. నాయన నిమ్మకాయలు పేరుస్తాడా! నువ్వు తీర్పరివా! మా ఇంటామె పంకజాక్షమ్మ గారు పూలు కడుతూ "ఏంది పాపా, పెండ్లి కుదిరిందా?" అని అడిగింది. "లేదమ్మా, టైర్లు" అన్నాను. ఆమె మల్లెమొగ్గ కింద పెట్టేసి నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

నీ ప్రశ్నలకు సమాధానాలు. తిరుచానూరు నుంచి రేణిగుంట మీదుగా ఏర్పేడు దగ్గర మా ఫ్యాక్టరీకి, పోనూ రానూ యాభై ఆరు కిలోమీటర్లు. ఎక్కువ భాగం మంచి రోడ్డే. రేణిగుంట దాటాక లారీలు, వాన పడితే రోడ్డు పక్క పల్లంలో నీళ్ళు నిలుస్తాయి. నాకు ఏది ఇష్టమంటే, మలుపు. స్టీరింగు ఇంత తిప్పితే బండి సరిగ్గా అంతే తిరుగుతుంది. రోజంతా ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డుల తప్పులు వెతికి వెతికి బయటకు వచ్చి ఆ సీటులో కూర్చుంటే, ఆ ఇరవై ఎనిమిది కిలోమీటర్లూ నావి. జనం చూడటం కూడా కొంచెం ఇష్టమే. అబద్ధం చెప్పను.

ఇక టైర్లు. రేణిగుంట రోడ్డులో మునిశేఖర్ అన్న టైర్ల షాపుకు వెళ్ళాను. నలభై ఏళ్ళ మనిషి, చేతులు రెండూ ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. మూడు రకాలు చూపించాడు. మొదటిది రేసుల వాళ్ళు వాడే రకం, రోడ్డు మీద కూడా వాడుకోవచ్చట. రబ్బరు మెత్తగా, మీద గాట్లు చాలా తక్కువ. గోరు గుచ్చితే దిగుతుంది అవ్వా! నాకైతే అదే కావాలి. రెండోది స్పోర్ట్స్ బండ్లకే చేసిన రోడ్డు టైరు, దాని మీద గాట్లు ఎక్కువ. మూడోది ఎక్కువ కాలం మన్నే రకం.

అన్న ఓటు మూడోదానికే. "అక్కా, ఇది యేస్కో. అరవై వేలు తిరిగినా అరగదు. నీ పెండ్లయి పిల్లోళ్ళు బడికి పోయేదాకా ఇవే ఉంటాయి" అన్నాడు.

"అన్నా, ఇది రెండు సీట్ల బండి. పిల్లోళ్ళని యాడ కూర్చోబెట్టాల?" అన్నాను.

"టైర్లు ముందు, సీట్లు తర్వాత" అన్నాడు.

ఇంకో చిక్కు. నా బండికి ముందు టైర్లు ఒక కొలత, వెనకవి ఇంకొంచెం వెడల్పు. ఆ వెనక కొలత తిరుపతిలో ఎక్కడా లేదు. చెన్నై నుంచి తెప్పించాలట. మొదటి రకం తెప్పించమని చెప్పేయనా? త్వరగా రాయి. ఓపిక పట్టలేకపోతున్నాను.

లోహిత


చిత్తూరు,
సెప్టెంబరు 17, బుధవారం

గోరు గుచ్చి టైరు కొనే మనవరాలికి,

మొదటి రకం వద్దు. తీర్పరి కారణాలు చెప్పనవసరం లేదు. కానీ పంతులమ్మ చెప్పకుండా ఉండలేదు.

నీ చెయ్యి బల్ల మీద పరిచి చూడు. నీ బండి మొత్తం నేలను తాకేది దాదాపు అలాంటి నాలుగు అరచేతులతోనే. నీ వేగం, నీ మలుపు, నీ ప్రాణం, పంకజాక్షమ్మ చూపు, అన్నీ ఆ నాలుగు అరచేతుల్లోనే ఉన్నాయి. మెత్తని రబ్బరు బాగా వేడెక్కితేనే గట్టిగా పట్టుకుంటుంది. రేసులో అది గంటసేపు కాగుతూ ఉంటుంది. నీ టైరు సరిగ్గా వేడెక్కేసరికి ఫ్యాక్టరీ గేటులో వాచ్‌మన్ నీకు సెల్యూట్ కొడుతుంటాడు. పైగా గాట్లు లేవంటున్నావు. గాట్లు అందానికి కాదు, నీళ్ళు బయటకు పోవడానికి. నీళ్ళు పోవడానికి దారి లేకపోతే టైరు నేలను వదిలి నీటి మీద కూర్చుంటుంది. అప్పుడు నువ్వు స్టీరింగు ఎంత తిప్పినా అది నీ మాట వినదు. నాకు అలాంటి విద్యార్థినులు కొందరు ఉండేవాళ్ళు.

మూడోది కూడా వద్దు. అరవై వేల కిలోమీటర్లు అరగని రబ్బరు గట్టిది. గట్టి రబ్బరు మీ నాయన లాంటిది. చాలా కాలం ఉంటుంది, కానీ అడిగినప్పుడు వంగదు. మలుపు కోసం కొన్న బండికి అది వేస్తే నువ్వు ఆరునెలలు నన్ను తిడతావు.

రెండోది తెప్పించు. త్వరగా అరుగుతుంది. అరగనీ. రోజూ తిరిగే మనిషికి కావలసింది ఎండలోనూ వానలోనూ ఒకేలా మాట వినే టైరు.

మూడు షరతులు. ఒకటి, చెన్నై నుంచి టైర్లు ముందు చిత్తూరుకు, నా వరండాకు రావాలి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి, ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో చెబుతాయి. గోడౌనులో నిద్రపోయి లేచిన టైరు నేను ఒప్పుకోను. అంకెలు చూశాకే బస్సు కార్గోలో నీకు పంపుతాను. రెండు, నువ్వు రాసిన రకానికి గాట్లు బాణంలా ఒకే వైపు చూస్తాయి. అలాంటి టైరు ఒకే దిక్కుకు తిరగాలి. పక్కన బాణం గుర్తు ఉంటుంది. బిగించేటప్పుడు నాలుగు బాణాలూ ముందుకే ఉన్నాయో లేదో నీ కళ్ళతో చూడు. మునిశేఖర్ కళ్ళతో కాదు. మూడు, పరీక్ష దూరం ఇరవై ఐదు మీటర్లు. లెక్క ప్రకారం తడిరోడ్డు మీద మంచి టైరుకు ఇరవై రెండు చాలు. మూడు మీటర్లు నీ కంగారుకు.

రబ్బరు మాట ఎత్తగానే మీ తాత గుర్తొచ్చాడు. షెడ్డు వ్యాను నడుపుకుంటూ నేను స్కూలుకు వెళితే పిల్లలంతా రబ్బరు వాసన వచ్చిందని పక్కకు జరిగేవాళ్ళు. ఏటా ఆయుధపూజకు ఆయన యంత్రాలన్నిటికీ, చివరకు గాలి పంపుకు కూడా పసుపు పూసి బొట్లు పెట్టేవాడు. "పసుపుకు ఘర్షణ గుణకం ఎంతండీ?" అని నేను అడిగేదాన్ని. "నీ నోటికన్నా తక్కువే" అనేవాడు. నలభై ఏళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు.

నీ అవ్వ


చిత్తూరు,
అక్టోబరు 3, శుక్రవారం

లోహితకు,

టైర్లు వచ్చాయి. నాలుగిటికీ అంకెలు చూశాను. ఈ ఏడాదివే, ముప్పై ఒకటో వారం. ఘాటైన కొత్త వాసన. ఈ ఉదయం బస్సు కార్గోలో ఎక్కించాను, రసీదు ఇందులో ఉంది.

పండగ పనులతో అలసిపోయాను. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

నీ అవ్వ


తిరుచానూరు,
అక్టోబరు 12, ఆదివారం

ఒక్క పేజీ కూడా నిండని ఉత్తరం రాసిన అవ్వకు,

ఏమైంది నీకు? కానీ ఆగు, ముందు నా వార్త విను. వేయించేశాను!

బస్‌స్టాండులో పార్సెలు విప్పితే ఏముందనుకున్నావు? నాలుగు టైర్లూ పచ్చగా! పసుపు ముద్ద ముద్దగా పూసి, ఒక్కో దానికీ రూపాయంత బొట్టు! అప్పుడు అర్థమైంది. నాయన! నువ్వు చూడకుండా ఆయుధపూజ రోజు నాయన పూసి ఉంటాడు. బయటికి బండి అమ్మేయమంటాడు, లోపల నా టైర్లకు పూజ చేస్తాడు. నాకు ఆ బస్‌స్టాండులోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కార్గో ఆయన "ఏం మేడం, టైర్లు నచ్చలేదా?" అన్నాడు.

మునిశేఖర్ అన్న చూసి చేతులు తుడుచుకున్నాడు. "అక్కా, యెవురు ఇంత ముచ్చటగా చేసినారు? పెండ్లికూతుళ్ళు మాదిరి ఉండాయి" అని నాలుగు బొట్లూ బయటికి కనబడేలా బిగించాడు. నువ్వు చెప్పినవన్నీ అన్న చూసుకున్నాడు.

అవ్వా, ఎట్లా చెప్పను! షాపు నుంచి బయటికి తీసి మొదటి మలుపులో తిప్పాను చూడు, బండి అప్పుడే నిద్రలేచినట్టుంది. పాత టైర్లతో నేను ఇన్నాళ్ళూ చలికాలం దుప్పటి కప్పుకుని నడిపినట్టుంది. రోడ్డు మీది చిన్న రాయి కూడా అరచేతికి తెలుస్తోంది. రేణిగుంట దగ్గర ఒక ఆటో ఆయన పక్కన వచ్చి "యాడికి పాపా అంత సంతోషంగా?" అని అడిగాడు. నిజంగా అడిగాడు! ఇంకా వాన పడలేదు, అంతా ఎండరోడ్డు మీదే. వానకోసం రోజూ ఆకాశం చూస్తున్నాను. నిమ్మకాయలు నలిగే ప్రశ్నే లేదని నాయనతో చెప్పు. వద్దులే, చెప్పొద్దు. ఆయన మొహం నేనే చూడాలి.

ఫోటో అచ్చువేయించి ఇందులో పెట్టాను. చక్రాలు కొంచెం పక్కకు తిప్పి ముందు నుంచి తీశాను, టైర్లు కనబడాలని. బొట్లు చూడు.

ఎగురుతున్న,
లోహిత


చిత్తూరు,
అక్టోబరు 26, ఆదివారం ఉదయం

లోహితా,

ఈ ఉత్తరం మీ నాయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించాను. రాత్రి నుంచి వాన కదా, వాడు నిమ్మకాయల సంచి పట్టుకుని తయారైపోయాడు. నీకు తెల్లారినప్పటి నుంచి ఏడుసార్లు ఫోను చేశాను. మీ వైపు టవరు కూడా వానకు ముసుగుతన్ని పడుకున్నట్టుంది. "దాని చేతికి ఇచ్చి, చదివేదాకా బండి తాళం తిప్పనివ్వకు" అని మీ నాయనకు చెప్పాను. ఎందుకని అడిగాడు. చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. నోరు రాకపోవడం నాకు కొత్త.

నీ ఫోటో వచ్చి పది రోజులైంది. బండిని చూసి, నిన్ను చూసి మురిసిపోయి పెట్టేశాను. నిన్న సాయంత్రం మబ్బు పట్టగానే మళ్ళీ తీసి భూతద్దం పెట్టి టైర్లను చూశాను. గాట్లు ఎగిరే కొంగల బారులా ఉన్నాయి. నీ ఎడమ చక్రం మీద ఆ బారు రోడ్డు వైపు దిగుతోంది, అది సరి. కుడి చక్రం మీద అదే బారు ఆకాశానికి ఎగురుతోంది. లోహితా, కుడివైపు టైర్లు తలకిందులుగా ఉన్నాయి. ఎండలో తెలియదు. వానలో ఆ రెండూ నీళ్ళను బయటికి నెట్టవు, మధ్యలోకి లాక్కుంటాయి. ఎడమ పక్క పట్టు ఒకటి, కుడి పక్క పట్టు ఒకటి. అరవైలో బ్రేకు తొక్కితే నిమ్మకాయ సంగతి దేవుడెరుగు, నువ్వు తిన్నగా ఆగవు.

తప్పు మునిశేఖర్‌ది కాదు. నీది సగం. "అన్న చూసుకున్నాడు" అని రాశావు, నువ్వు చూశానని రాయలేదు. నేను అప్పుడే పట్టుకోవలసింది. మిగతా సగం ఎవరిదో చెబుతాను.

పసుపు పూసింది మీ నాయన కాదు. నేను.

ఆయుధపూజ రోజు మీ నాయన మార్కెట్టుకు పోయాడు. నాలుగు టైర్లు వరండాలో ఉన్నాయి. కొత్త రబ్బరు వాసన ఇల్లంతా నిండింది. మీ తాత పోయిన తొమ్మిదేళ్ళకు ఆ వాసన మళ్ళీ ఈ ఇంట్లోకి వచ్చింది. అంకెలు చూడటానికి వంగినదాన్ని చాలాసేపు లేవలేదు. ఆ తరువాత వంటింట్లోకి వెళ్ళి పసుపు కలిపాను. బాగా పూశాను. నలభై ఏళ్ళు ఆయనను ఎగతాళి చేసిన పని, ఒకేసారి నాలుగు టైర్లకు సరిపోయేంత పూశాను. నా క్రమశిక్షణ తెలుసు కదా, అంకెలున్న ముఖాలే నాలుగూ పైకి తిప్పి, వాటికే బొట్లు పెట్టాను. ఆ అంకెలు టైరుకు ఒకే పక్క ఉంటాయి. బొట్లన్నీ బయటికి వచ్చేలా బిగిస్తే రెండు టైర్లు సరిగా, రెండు తిరగబడి ఉండక తప్పదు. బాణాలు నా పసుపు కింద ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళు ఫిజిక్స్ చెప్పిన మనిషి చేసిన తప్పు ఇది.

ఇది మీ నాయనకు చెప్తావో లేదో నీ ఇష్టం. చెబితే "ఇవాళ పరీక్ష, టైర్లు సరిలేవు, ఓడిపోయినావు" అంటాడేమో. అనే హక్కు వాడికి ఉంది. చెప్పకుండా తప్పించుకునే దారి నీకు ఉండవచ్చు. ఒక్కటి మాత్రం, ఆ చక్రాలతో బ్రేకు తొక్కకు. బండి పోతే పోనీ.

నీ అవ్వ


ఏర్పేడు దారిలో, టీ కొట్టు,
అదే ఆదివారం, మధ్యాహ్నం

అవ్వా, నా బంగారు అవ్వా,

ఇది కూడా నాయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఆయన ఇంటికొచ్చి తన పద్ధతిలో చెప్తాడు, నమ్మకు. ముందు ఇది చదువు.

నాయన తొమ్మిదింటికి వచ్చాడు. తల తుడుచుకోకుండా కవరు చేతిలో పెట్టాడు. చదివాను. ఒక్క నిమిషం ఆలోచించాను, నిజం చెప్తున్నా, ఒక్క నిమిషం. టవరు లేదు, అన్న షాపు ఆదివారం సగం షట్టరే తీస్తాడు, ఏదో ఒకటి చెప్పి వాయిదా వేయించొచ్చు. ఆ తరువాత ఉత్తరం నాయన చేతికే ఇచ్చేశాను.

నిలబడి చదివాడు. చదవడం అయ్యాక అడిగింది టైర్ల గురించి కాదు.

"మా యమ్మ పసుపు పూసినాదా?"

"అట్లనే రాసింది నాయనా."

"ఆమే? చేత్తో?"

ఉత్తరం నాలుగు మడతలు పెట్టి పై జేబులో పెట్టుకున్నాడు, నాకు తిరిగి ఇవ్వలేదు. "పద" అన్నాడు. ఓడిపోయానా అని అడిగాను. "పరీక్ష బండికి, పసుపుకు కాదు. యాడుండాది ఆ షాపు?" అన్నాడు.

ఇరవై వేగంతో, కాలినడకలా షాపుకు వెళ్ళాము. మునిశేఖర్ అన్న కుడి చక్రం దగ్గర తడిగుడ్డతో పసుపు తుడవగానే బాణం బయటపడింది. వెనక్కి చూస్తోంది. అన్న నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"లోపలి పక్క కూడా బాణం ఉంటాది కదన్నా, చూడలేదా?" అన్నాను.

"ఉండాదక్కా. అది చూసేలోపల బొట్టు చూసినాను. బొట్టు లోపలికి పెడితే మా యమ్మ నన్ను ఇంట్లోకి రానియ్యదు."

నేనూ చూడలేదు అవ్వా. కార్లో పాట ఏది పెట్టాలా అని ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. ఆ సగం తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

ఇక అప్పుడు జరిగింది నువ్వు చూడాల్సింది. అన్న మిషను మీద మొదటి టైరు ఊడదీస్తున్నాడు. నాయన చూస్తూ చూస్తూ "అట్ల కాదప్పా, రిమ్ము గీసుకుంటాది, ఇట్లియ్యి" అని లీవరు లాక్కున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. ఒక్క ఊపు! టైరు అంచు అరిటాకు విప్పినట్టు వచ్చేసింది. అన్న నోరు తెరిచి "అన్నా, మీది ఏ షాపు?" అన్నాడు. నాయన "వెంకటముని టైర్లు, చిత్తూరు" అన్నాడు. తొమ్మిదేళ్ళ కిందట మూతపడిన షాపు పేరు, నిన్న షట్టరు వేసి వచ్చినట్టు చెప్పాడు. రెండు టైర్లూ తనే తిప్పాడు. కుడివైపు బొట్లు ఇప్పుడు లోపలికి ఉన్నాయి, బాణాలు నాలుగూ ముందుకు. ఈసారి నా కళ్ళతో చూశాను. నాలుగుసార్లు చూశాను.

ఫ్యాక్టరీ వెనక రోడ్డు. వాన సన్నబడింది కానీ రోడ్డంతా నీళ్ళు. సుద్దగీత నిలవదని నా చెప్పులు రెండూ గుర్తుగా పెట్టాము. అక్కడి నుంచి నాయన టేపుతో ఇరవై ఐదు మీటర్లు కొలిచి, పదకొండు నిమ్మకాయలు అడ్డంగా పేర్చి, గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నేను వెనక్కి పోయి తిప్పుకుని వచ్చాను. ఉత్తకాళ్ళు, తడి పెడళ్ళు. నలభై, యాభై, అరవై. చెప్పులు. తొక్కాను.

అవ్వా, బండి నేలను పట్టుకుంది! పక్కకు పోలేదు, ఊగలేదు, గీత గీసినట్టు తిన్నగా. నీళ్ళు రెండు పక్కలా రెక్కల్లా లేచాయి. ఆగింది. అద్దంలోంచి నిమ్మకాయలు కనబడటం లేదు. బండి ముందు నేల మీద ఉన్నాయో, చక్రం కింద ఉన్నాయో తెలియదు. దిగడానికి ధైర్యం చాలలేదు. నాయన వచ్చాడు. వంగాడు. చాలాసేపు లేవలేదు. ఆ తరువాత టైరుకూ నిమ్మకాయకూ మధ్య చెయ్యి చాపి పెట్టాడు.

"జానెడు" అన్నాడు.

నేను అరిచిన అరుపుకు ఫ్యాక్టరీ వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

కథ ఇక్కడ అయిపోవాల్సింది. అవ్వలేదు. నాయన బండి చుట్టూ తిరిగాడు, టైరును ఒకసారి చేత్తో నిమిరాడు. "దిగు, ఒక తూరి నేను సూస్తా" అన్నాడు. పందెంలో ఇది లేదన్నాను. "సూస్తాను అంటావుండా కదా" అన్నాడు. దిగాను. ఆ బండిలోకి దూరడానికే ఆయనకు రెండు నిమిషాలు పట్టింది. వెనక్కి పోయాడు. వచ్చాడు అవ్వా, ముఖమంతా ఎంత నవ్వుతో వచ్చాడో! చెప్పులు దాటిపోయాడు. నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడు బ్రేకు గుర్తొచ్చింది.

ఐదు నిమ్మకాయలు. చట్నీ. వానలో ఆ వాసన ఎంత బాగుందో చెప్పలేను.

దిగి, చూసి, మొహం వేలాడేశాడు. "నలిగినాయి. మాట మాటే" అంటున్నాడు. నువ్వు రాసిన ఒప్పందంలో "నలిగితే" అని మాత్రమే ఉందట, ఎవరు నడిపితే అని లేదట. ఆయన నలిపినా నేను ఓడినట్టేనట! తీర్పరి తేల్చాలని టీ కొట్టులో కూర్చున్నాము. మూడు టీలు తాగాడు. కింద ఆయనే రాస్తానంటున్నాడు.

లోహిత

అమ్మా, పాప చెప్పిందంతా నిజమే. పాప నడిపినప్పుడు నలగలేదు. నేనే నలిపినాను. నువ్వు ఎట్ల చెప్తే అట్ల. లీవరు పట్టు చేతికి ఇంకా గుర్తుండాది. పసుపు సంగతి ఎవురికీ చెప్పను.
బాలచంద్ర


చిత్తూరు,
అక్టోబరు 28, మంగళవారం

లోహితకు, దాని పక్కన చదువుతూ నిలబడబోయే బాలచంద్రకు,

తీర్పు.

పరీక్ష లోహితది. అది నడిపినప్పుడు నిమ్మకాయకు జానెడు మిగిలింది, కొలిచింది ఎదుటి పక్షమే. కాబట్టి బండి దానిది. రెండోసారి నడిపింది పరీక్ష కాదు. కొత్త టైర్లు వేసిన బండి కదిలేటప్పుడు కింద నిమ్మకాయ నలగాలి, మా ఇంట్లో ఆ పని వెంకటముని గారు చేసేవారు. ఆయన లేరు కాబట్టి కొడుకు చేశాడు. కాస్త వేగంగా చేశాడు, అంతే. పసుపు నేను పూశాను, నిమ్మకాయలు వాడు నలిపాడు, పూజ పూర్తయింది. ఇది శాస్త్రమా అని అడిగేవాళ్ళకు నా దగ్గర సమాధానం లేదు, అడిగేంత ధైర్యం ఉన్నవాళ్ళు కూడా ఈ ఇంట్లో లేరు.

బెంగుళూరాయన నిన్న ఫోను చేశాడు. వానకు లైను బాగాలేదని చెప్పి పెట్టేశాను. ఆకాశం నిర్మలంగా ఉంది.

లోపలికి పోయిన రెండు బొట్ల గురించి బాధపడకు. తెలిసినవాళ్ళకు తెలుసు, చాలు.

మీ నాయన ఆదివారం తడిసిముద్దయి ఇంటికి వచ్చి, నాలుగు దోసెలు తిని, ఐదోది చేతిలో గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. నిన్న రెండుసార్లు నా గదికి వచ్చి "అమ్మా, నీ కళ్ళద్దాల పెట్టె దుమ్ముపట్టింది, తుడిచిపెడతా" అన్నాడు. ముప్పై ఏళ్ళలో వాడు ఈ ఇంట్లో ఏదీ తుడవలేదు. తాళంచెవి చోటు మార్చాను.

వచ్చే ఆదివారం ఉదయం బస్సుకు తిరుపతి వస్తున్నాను. వాన ఉంటుందని రేడియోలో చెప్పారు. పక్క సీటు నాకు తుడిచి పెట్టానని నువ్వు రాయబోతావు, వద్దు. షెడ్డు వ్యాను పదకొండేళ్ళు నడిపిన చేతులివి, లైసెన్సు కూడా బతికే ఉంది. పక్క సీటులో నువ్వు కూర్చో.

నిమ్మకాయలు నేనే తెస్తాను. చెప్పులు నీవి.

లోకేశ్వరి